పాత కారు ఏసీలో కొత్త గ్యాస్: ఆర్-12 తర్వాతి కథ

కార్లలో ఏసీ మొదలైన నాటినుంచి 1990ల తొలి ఏళ్లదాకా అందులో తిరిగిన గ్యాస్ దాదాపు ఒక్కటే. రసాయన శాస్త్రంలో దాని పేరు డైక్లోరోడైఫ్లోరోమీథేన్, వర్తకంలో ఫ్రియాన్-12, షెడ్డులో ఆర్-12. ఏ కారుకు ఏ గ్యాస్ అని అడగాల్సిన అవసరమే ఆ అర్ధశతాబ్దంలో ఎవరికీ రాలేదు. 1996 జనవరి 1 నుంచి సంపన్న దేశాల్లో ఆర్-12 తయారీ ఆగిపోయేసరికి ఆ ప్రశ్న కోట్ల కార్ల మీద ఒక్కసారిగా వచ్చి పడింది. బండి నడుస్తూనే ఉంది, కంప్రెసర్ తిరుగుతూనే ఉంది, అందులో పోయాల్సిన గ్యాస్ మాత్రం కరవైంది. ఆ ఖాళీలోకి అసలు మందులూ వచ్చాయి, నాటు మందులూ వచ్చాయి. వాటి చరిత్ర ఎక్కువభాగం అమెరికాలోనే నడిచింది, ఎందుకంటే ఏసీ కార్లు అక్కడే ఎక్కువ.

ఆర్-12 పుట్టుకకు కారణం ఇంటి ఫ్రిజ్. 1920ల్లో ఫ్రిజ్‌లలో అమోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. మొదటి రెండిటి ఘాటు లీకైన మరుక్షణమే మనిషిని బయటికి తరుముతుంది. మిథైల్ క్లోరైడ్‌కు ఆ ఘాటు లేదు, అందుకే అది ఎక్కువ ప్రమాదం. లీకైన గ్యాస్ పీల్చి ఇళ్లల్లో మనుషులు చనిపోయిన ఘటనలు ఫ్రిజ్ అమ్మకాలకే ముప్పు తెచ్చాయి. ఫ్రిజిడేర్ కంపెనీ అప్పుడు జనరల్ మోటార్స్ చేతిలో ఉంది. మంట అంటుకోనిది, విషం కానిది ఒకటి కావాలని ఆ సంస్థ తన ఇంజినీరు థామస్ మిడ్‌గ్లీకి అప్పగించింది. పెట్రోలులో సీసం కలిపే పద్ధతి కనిపెట్టింది కూడా ఈయనే. 1928లో ఆల్బర్ట్ హెన్, రాబర్ట్ మెక్‌నరీలతో కలిసి ఆయన ఫ్లోరిన్ సమ్మేళనాల వైపు మళ్లాడు. ఫ్లోరిన్ పేరు చెబితేనే రసాయనవేత్తలు భయపడే రోజులవి. తొలి ప్రయోగానికి తెప్పించిన యాంటిమొనీ ట్రైఫ్లోరైడ్ సీసాలు ఐదు. వాటిలో ఒక్కటే శుభ్రమైనదని, మిగతావాటి వల్ల ప్రాణాంతకమైన ఫాస్జీన్ పుట్టేదని తర్వాత బయటపడింది. అదృష్టవశాత్తు మొదట చేతికి వచ్చింది ఆ మంచి సీసాయే. దానితో చేసిన గ్యాస్ పీల్చిన గినీపిగ్ బతికింది. అది చచ్చిపోయి ఉంటే పరిశోధన అక్కడితో ఆగేదేమో అని మిడ్‌గ్లీయే తర్వాత చెప్పుకున్నాడు.

1930 ఏప్రిల్‌లో అట్లాంటాలో జరిగిన అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశంలో మిడ్‌గ్లీ ఈ గ్యాస్‌ను గుండెనిండా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీదికి ఊది ఆర్పేశాడు. విషం కాదు, మండదు అని ఒక్క ఊపిరితో రుజువైంది. అదే ఏడాది జనరల్ మోటార్స్, డ్యుపాంట్ కలిసి కైనెటిక్ కెమికల్స్ అనే కంపెనీ పెట్టి ఫ్రియాన్ అమ్మకం మొదలుపెట్టాయి.

మనిషి ఊపిరికి అంత దగ్గరగా, ఇంజిన్ వేడికి అంత పక్కనే తిరగగల గ్యాస్ దొరికాకే కారులో ఏసీ గురించి గట్టిగా ఆలోచించడం సాధ్యమైంది. 1939 చివర ప్యాకార్డ్ కంపెనీ తన 1940 మోడల్ కార్లకు ఏసీ అమర్చి అమ్మకానికి పెట్టింది. ధర 274 డాలర్లు. కూలింగ్ కాయిల్ వెనక సీటు వెనకాల ఉండి డిక్కీలో సగం జాగా తినేసేది. కంప్రెసర్‌కు క్లచ్ లేదు, కాబట్టి ఇంజిన్ తిరిగినంతసేపూ అదీ తిరిగేది. చలికాలంలో ఏసీ వద్దనుకుంటే బండి ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి. కొన్నవాళ్లు కొద్దిమందే. యుద్ధకాలంలో ఆ ప్రయత్నం ఆగిపోయింది. 1953లో క్రైస్లర్, జనరల్ మోటార్స్ మళ్లీ మొదలుపెట్టాయి. ఆ మరుసటి ఏడాది నాష్ కంపెనీ హీటరునూ కూలరునూ ఒకే వ్యవస్థగా బండి ముందుభాగంలో ఇమిడ్చి 345 డాలర్లకు ఇచ్చింది. తర్వాతి కార్లన్నీ దాదాపు ఆ దారినే నడిచాయి. 1969 నాటికి అమెరికాలో అమ్ముడైన కొత్త కార్లలో సగానికి పైగా ఏసీవే.

ఆ వ్యవస్థ పనితీరు కొంత తెలిస్తేనే తర్వాత వచ్చిన చిక్కులు అర్థమవుతాయి. కంప్రెసర్ గ్యాస్‌ను నొక్కి వేడెక్కిస్తుంది. ముందు జాలీ వెనక ఉన్న కండెన్సర్‌లో అది గాలికి వేడిని వదిలి ద్రవమవుతుంది. డ్రయర్ గుండా వెళ్లేటప్పుడు దాని తేమను అందులోని గుళికలు పీల్చుకుంటాయి. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర ఒక్కసారిగా పీడనం పడిపోతుంది. కూలింగ్ కాయిల్‌లో ద్రవం మరిగి ఆవిరవుతూ కారు లోపలి వేడిని లాక్కుంటుంది. ఆవిరి మళ్లీ కంప్రెసర్‌కు చేరుతుంది. గ్యాస్‌తో పాటే కొంచెం నూనె కూడా నిత్యం తిరుగుతూ కంప్రెసర్‌ను కాపాడుతుంది. ఆ నూనె గ్యాస్‌లో కరగాలి. కరగకపోతే దారిలో ఎక్కడో నిలిచిపోతుంది, కంప్రెసర్ ఎండి పట్టేస్తుంది.

ఇంటి ఫ్రిజ్‌లో మోటారు, కంప్రెసర్ రెండూ సీలు వేసిన ఒకే డబ్బాలో ఉంటాయి, ట్యూబులు అతుకు వేసి ఉంటాయి. అందుకే అది ఇరవై ఏళ్లయినా గ్యాస్ అడగదు. కారులో అలా కుదరదు. కంప్రెసర్‌ను ఇంజిన్ బెల్టు తిప్పుతుంది కాబట్టి దాని ఇరుసు బయటికి రావాలి, ఆ ఇరుసు చుట్టూ సీలు ఉండాలి. ఇంజిన్ అదురుతుంది కాబట్టి గొట్టాలు రబ్బరువై ఉండాలి. సీలు అరుగుతుంది, రబ్బరు గుండా గ్యాస్ నెమ్మదిగా జారిపోతుంది. ఏటేటా కాస్త తగ్గడం, వేసవి రాగానే గ్యాస్ ఎక్కించడం వాడుకైపోయింది. లీకు ఎక్కడుందో వెతికేందుకు పట్టే కూలికంటే గ్యాసే చవక. అమెరికాలో ఆటో విడిభాగాల దుకాణంలో చిన్న డబ్బా కొనుక్కుని యజమానులే ఇంటి ముందు నింపుకునేవారు. రిపేరుకు విప్పే ముందు మెకానిక్కులు ఉన్న గ్యాస్‌నంతా గాలిలోకి వదిలేసేవారు. విషం కాదు, మంట కాదు, వాసనా లేదు కాబట్టి అదొక నష్టమని ఎవరికీ తోచలేదు. అలా కారు ఏసీలే అమెరికాలో ఆర్-12 లాంటి క్లోరోఫ్లోరోకార్బన్ల, అంటే సీఎఫ్‌సీల, అతిపెద్ద వాడకమయ్యాయి.

1974 జూన్‌లో నేచర్ పత్రికలో మారియో మొలీనా, షేర్‌వుడ్ రోలండ్ రాసిన వ్యాసం ఆ వదిలిన గ్యాస్ ఎక్కడికి పోతోందో చెప్పింది. నేల దగ్గర దేనితోనూ చర్య జరపని సీఎఫ్‌సీలు స్ట్రాటోస్ఫియర్ దాకా ఎక్కి, అక్కడి అతినీలలోహిత కిరణాలకు విడిపోయి, క్లోరిన్‌ను వదులుతాయి. ఆ క్లోరిన్ ఓజోన్‌ను తింటుంది. ఏ నిలకడను చూసి మిడ్‌గ్లీ బృందం మెచ్చుకుందో ఆ నిలకడే దోషమైంది. 1978లో అమెరికా స్ప్రే డబ్బాల్లో సీఎఫ్‌సీలను నిషేధించింది గాని కార్ల జోలికి పోలేదు. 1985లో జోసెఫ్ ఫార్మన్, బ్రయాన్ గార్డినర్, జోనాథన్ షాంక్లిన్ అంటార్కిటికా మీద ఓజోన్ పొర వసంతంలో ఎంతగా పలచబడుతోందో బయటపెట్టారు. 1987 సెప్టెంబర్ 16న సీఎఫ్‌సీలను తగ్గించే మాంట్రియల్ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆ దశాబ్దపు రెండో సగంలో హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి ఎగిరిన బెలూన్లు కూడా అతిశీతల పాత్రల్లో పైగాలిని పట్టి తెచ్చాయి. అహ్మదాబాద్ ఫిజికల్ రిసెర్చ్ లాబొరేటరీ, జర్మన్ శాస్త్రవేత్తలు కలిసి ఆ నమూనాల్లో ఆర్-12తో సహా సీఎఫ్‌సీల పాళ్లు కొలిచారు. ఉష్ణమండల ఆకాశం గురించి అలాంటి కొలతలు అప్పటికి చాలా తక్కువ.

మొదట సగానికి తగ్గిస్తే చాలనుకున్న ఒప్పందం 1990లో లండన్‌లో, 1992లో కోపెన్‌హాగన్‌లో బిగిసి, 1996కల్లా సంపన్న దేశాల్లో ఉత్పత్తి పూర్తిగా ఆపాలన్న చోటికి వచ్చింది. కార్ల కంపెనీలు 1992 నుంచి 1994 మధ్య కొత్త మోడళ్లను ఆర్-134ఎ అనే గ్యాస్‌కు మార్చేశాయి. ఇందులో చిన్న విశేషం ఉంది. మిడ్‌గ్లీ పక్కన పనిచేసిన ఆల్బర్ట్ హెన్‌యే ఆర్-134ఎను 1936లో మొదట తయారుచేశాడు. ఆర్-12 అంత చవకగా, అంత బాగా పనిచేస్తున్నప్పుడు దాని అవసరం ఎవరికీ కలగలేదు. క్లోరిన్ లేదు కాబట్టి అది ఓజోన్‌ను తాకదు. మంట అంటుకోదు. ఆర్-12 సున్నాకు దిగువన 29.8 డిగ్రీల దగ్గర మరిగితే ఇది 26 డిగ్రీల దగ్గర మరుగుతుంది. కాగితం మీద రెండూ కవల పిల్లల్లా కనిపిస్తాయి. పాత కారులో పోసి చూస్తే తేడాలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

మొదటిది నూనె. ఆర్-12తో తిరిగే ఖనిజ తైలం ఆర్-134ఎలో కరగదు. అందుకని పాలీఆల్కిలీన్ గ్లైకాల్ నూనె, మెకానిక్కులు పాగ్ ఆయిల్ అనేది, కొత్త కార్లకు వచ్చింది. కాని అది తేమను విపరీతంగా పీలుస్తుంది, పాత వ్యవస్థలో మిగిలిపోయిన క్లోరిన్‌తో పడదేమోనన్న అనుమానమూ ఉండేది. మార్పిడి చేసే పాత బండ్లకు చాలామంది ఎస్టర్ నూనెను ఎంచుకున్నారు. రెండోది డ్రయర్. ఆర్-12 కాలపు డ్రయర్‌లోని తేమ పీల్చే గుళికలు కొత్త గ్యాస్‌కు సరిపోవు, కాబట్టి వేరే రకం గుళికలున్న డ్రయర్ వేయాలి. మూడోది గొట్టాలు. ఆర్-134ఎ అణువు చిన్నది, పాత నైట్రైల్ రబ్బరు గుండా జారిపోతుందని మొదట్లో భయపడి, లోపల నైలాన్ పొర ఉన్న కొత్త హోసులు తప్పనిసరి అన్నారు. పరీక్షలు చేస్తే వేరే సంగతి తేలింది. ఏళ్ల తరబడి నూనె తాగి ఉన్న పాత రబ్బరు తనంతట తానే ఒక అడ్డుపొర కట్టుకుంటుంది. కారుతున్న హోసును ఎలాగూ మార్చాలి, బాగున్నదాన్ని పీకి పారేయనక్కర్లేదు. మార్పిడి ఖర్చు చాలావరకు తగ్గింది ఇక్కడే.

నాలుగో తేడా పీడనంలో ఉంది. దానికి అంత తేలికైన విరుగుడు దొరకలేదు. సున్నా డిగ్రీల దగ్గర ఆర్-134ఎ ఆవిరి పీడనం ఆర్-12 కంటే కొంచెం తక్కువ. 60 డిగ్రీల దగ్గర అది తారుమారై, ఆర్-12కు సుమారు 15 బార్లయితే దీనికి 17కు దగ్గర. అంటే కంప్రెసర్ తక్కువ పీడనం నుంచి మొదలుపెట్టి ఎక్కువ పీడనందాకా నొక్కాలి. బండి హైవే మీద పోతుంటే గాలి ధారాళంగా వచ్చి కండెన్సర్ తట్టుకుంటుంది. సిగ్నల్ దగ్గర, ఎండలో, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు పీడనం పైకి పాకి, చల్లదనం తగ్గుతుంది. అందుకే ఆర్-12 బరువులో 80 నుంచి 90 శాతం మాత్రమే కొత్త గ్యాస్ నింపాలని నియమం పెట్టారు. పాత అలవాటు చొప్పున, గ్యాస్ పారడం కనిపించే చూపుడు అద్దంలో బుడగలు పోయేదాకా నింపితే మోతాదు మించిపోయేది. చలి దేశపు కారుకు ఈ మార్పిడి ఇట్టే సరిపోయింది. అరిజోనా, టెక్సాస్ లాంటి చోట్ల మాత్రం పాత గొట్టాల కండెన్సర్ తీసి, సన్నని సమాంతర నాళాల కండెన్సర్ వేసినప్పుడే యజమాని సంతృప్తి పడ్డాడు. విజయవాడ, రామగుండం వేసవి కూడా ఆ కోవలోదే.

ఈ పనులన్నీ చేయించడానికి డబ్బు కావాలి, నేర్పున్న మనిషి కావాలి. అవి లేని చోట ఆర్-12కే గిరాకీ ఉండిపోయింది. అమెరికా 1990 నుంచి ఓజోన్‌ను దెబ్బతీసే రసాయనాల మీద పన్ను వేసింది. పౌనుకు 1.37 డాలర్లతో మొదలై 1995కు అది 5.35 డాలర్లయింది. 1992 నుంచి గ్యాస్‌ను గాలిలోకి వదలడం నేరమైంది, ధ్రువపత్రం లేనివాళ్లకు చిన్న డబ్బాల అమ్మకం ఆగిపోయింది. ధర పెరిగేకొద్దీ దొంగ సరుకు వచ్చింది. 1990ల మధ్యలో మయామి రేవులో కొకెయిన్ తర్వాత విలువైన దొంగసరుకు ఫ్రియానేనని అక్కడి అధికారులు చెప్పేదాకా పోయింది. ‘ఆపరేషన్ కూల్ బ్రీజ్’ పేరుతో కస్టమ్స్ దాడులు జరిగాయి. 1995లో అరిజోనా శాసనసభ తమ రాష్ట్రంలో ఫ్రియాన్ తయారీకి అనుమతిస్తూ ఏకంగా ఒక చట్టమే చేసింది. ఫెడరల్ చట్టం ముందు, అంతర్జాతీయ ఒప్పందం ముందు అది చెల్లదని తెలిసే చేసిన పని అది. ఎండలో కారు నడిపే ఓటరు కోపానికి శాసనరూపం అనుకోవచ్చు.

మార్పిడి ఖర్చుకూ ఆర్-12 ధరకూ మధ్య ఉన్న ఆ సందులోనే మిశ్రమ గ్యాసులు చొరబడ్డాయి. ‘పాత గ్యాస్ స్థానంలో నేరుగా పోసెయ్యండి, ఏమీ మార్చక్కర్లేదు’ అన్నది వాటి ప్రచారం. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్లు చూసుకునే జార్జ్ గోబుల్ వీటికి ఆద్యుల్లో ఒకడు. ద్రవ ఆక్సిజన్ పోసి క్షణాల్లో బొగ్గుల పొయ్యి రాజేసి ఇగ్ నోబెల్ బహుమతి తెచ్చుకున్న మనిషి కూడా ఈయనే. ఆయన మొదటి మిశ్రమం ఆర్-406ఎలో 55 శాతం ఆర్-22, 41 శాతం ఆర్-142బి, 4 శాతం ఐసోబ్యూటేన్ ఉండేవి. ఆ ఐసోబ్యూటేన్ చల్లదనం కోసం కాదు, ఖనిజ తైలాన్ని వెంటబెట్టుకుని కంప్రెసర్‌కు తిరిగి తేవడానికి. పాత నూనె మార్చకుండా నడవాలంటే ఈ ఉపాయం పనిచేస్తుంది. కాని కొంత కారిపోయాక మిగిలినది మండే పాళ్లకు చేరవచ్చునని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ దాన్ని కార్లకు ఒప్పుకోలేదు. పాళ్లు మార్చి, ఆర్-124 కలిపి చేసిన ఆర్-414ఎ, హాట్ షాట్ పేరుతో అమ్మిన ఆర్-414బి మాత్రం అనుమతి పొందాయి. ఫ్రిజ్‌సీ పేరుతో వచ్చిన ఆర్-416ఎలో 59 శాతం ఆర్-134ఎయే. ఫ్రీజ్-12లో 80 శాతం అదే. కొత్త గ్యాస్‌నే వేరే సీసాలో అమ్మిన బాపతు ఇవి.

ఈ మిశ్రమాలకు పుట్టుకతో వచ్చిన దోషం ఒకటుంది. వాటిలోని వాయువులు వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర మరుగుతాయి కాబట్టి లీకైతే తేలికది ముందు పోతుంది, బరువైనది మిగులుతుంది. మిగిలినదాని మీద మళ్లీ అదే మిశ్రమం కొంత పోస్తే పాళ్లు ఇంకా తప్పుతాయి. సరిగ్గా చేయాలంటే ఉన్నదంతా తీసి, వ్యాక్యూమ్ పెట్టి, కొత్తగా నింపాలి. కారు ఏసీ లక్షణమే నెమ్మదిగా కారడం కాబట్టి, కారకూడని గ్యాస్‌ను కారే యంత్రానికి అమ్మినట్టయింది. ఆర్-22 ఉన్న మిశ్రమానికి నైలాన్ పొర హోసులు తప్పనిసరి అని ఈపీఏ షరతు పెట్టింది. ఏమీ మార్చక్కర్లేదన్న ప్రచారం అక్కడే వీగిపోయింది. నేరుగా పోసెయ్యగల గ్యాస్ ఏదీ లేదని ఆ సంస్థ పదేపదే ప్రకటించాల్సి వచ్చింది. ప్రతి గ్యాస్‌కూ వేరే కొలత ఫిట్టింగు, వేరే రంగు లేబులు కూడా నిర్ణయించింది. ఆర్-12కు తెలుపు, ఆర్-134ఎకు లేత నీలం. కారు లోపల ఏముందో తెలియకపోతే మెకానిక్ గ్యాస్ తీసే మిషన్‌లో ఉన్న సరుకంతా కల్తీ అవుతుంది. ఆ భయంతో షెడ్డుల్లో గ్యాస్ గుర్తించే పరికరాలు కొన్నారు. గుర్తు తెలియని మిశ్రమం ఉన్న బండిని ముట్టనివాళ్లూ ఉన్నారు. నిజానికి ఆర్-22, ఆర్-124, ఆర్-142బి కూడా క్లోరిన్ ఉన్నవే. మాంట్రియల్ ఒప్పందం వాటినీ తర్వాతి వరుసలో పెట్టింది కాబట్టి ఈ తరం మిశ్రమాల ఆయుష్షు మొదటినుంచే పరిమితం.

నిఖార్సయిన ఆర్-22నే కారులో పోసినవాళ్లూ లేకపోలేదు. ఇంటి ఏసీలకు అది ఎక్కడైనా దొరికేది. 60 డిగ్రీల దగ్గర దాని పీడనం 24 బార్లు. ఆర్-12 కోసం చేసిన హోసులు, సీళ్లు దానికి తట్టుకోవు.

హైడ్రోకార్బన్ల విషయంలో వాదం ఇంకా తేలలేదు. ప్రొపేన్, ఐసోబ్యూటేన్‌లను తగు పాళ్లలో కలిపితే పీడనం ఆర్-12కు అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. ఖనిజ తైలంలో హాయిగా కరుగుతుంది, ఓజోన్‌కు హాని లేదు, భూతాపానికి దాని వాటా అతి స్వల్పం. ఆర్-12 బరువులో మూడో వంతు దరిదాపు నింపితే చాలు. చల్లదనమూ బాగుంటుంది. ఒకే ఒక్క లోపం, అది మండుతుంది. ఇంటి ఫ్రిజ్‌లో ఉండే కొద్ది గ్రాములకు ఆ లోపం సరిపెట్టుకోవచ్చు, నేడు భారత్‌లో అమ్ముడయ్యే ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉన్నది ఐసోబ్యూటేనే. కారులో కూలింగ్ కాయిల్ మనుషులు కూర్చున్న గదిలోకే గాలి ఊదుతుంది, కండెన్సర్ ఢీకొంటే మొదట నలిగే చోట ఉంటుంది. ఓజెడ్-12, హెచ్‌సీ-12ఎ పేర్లతో వచ్చిన ఈ మిశ్రమాలను ఈపీఏ 1990ల మధ్యలో కార్లకు నిరాకరించింది. పలు రాష్ట్రాలు విడిగా నిషేధాలు తెచ్చాయి. అమ్మకందార్లు ఒక సందు వెతికారు: నిషేధం ఆర్-12 స్థానంలో వాడడం మీద కాబట్టి, ముందు ఆర్-134ఎకు మార్చినట్టు చూపి, ఆ తర్వాత దాని స్థానంలో హైడ్రోకార్బన్ నింపడం. అలాంటి ఉత్తుత్తి మార్పిడి చెల్లదని ఈపీఏ హెచ్చరించింది. ఆస్ట్రేలియాలో మాత్రం పాత కార్లకు హైడ్రోకార్బన్ గట్టిగానే పాకింది.

భారతదేశం ఈ దారిలో దాదాపు పదేళ్లు వెనకగా నడిచింది. ఆ ఆలస్యం ఒప్పందం ఇచ్చినదే. అంబాసిడర్, పద్మిని కార్లకు ఏసీ అంటే ఎక్కువగా బయట అమర్చుకునేదే, డ్యాష్‌బోర్డు కింద వేలాడే యూనిట్. 1985లో జపాన్‌కు చెందిన డెన్సో, సుజుకీల భాగస్వామ్యంతో సుబ్రోస్ కంపెనీ ఏర్పడి మారుతి కార్లకు ఏసీలు ఇవ్వడం మొదలుపెట్టాక కారు ఏసీ మధ్యతరగతికి కాస్త దగ్గరైంది. ఆర్-12 కోసం దిగుమతి మీద ఆధారపడాల్సిన పని లేదు. సూరత్‌లో నవీన్ ఫ్లోరిన్ మాఫ్రాన్ పేరుతో, ఎస్ఆర్ఎఫ్ ఫ్లోరాన్ పేరుతో, గుజరాత్ ఫ్లోరోకెమికల్స్ రెఫ్రాన్ పేరుతో గ్యాస్ చేసేవి. తమిళనాడులో కెంప్లాస్ట్ కూడా సీఎఫ్‌సీలు చేసింది. సొంత ఉత్పత్తి ఉన్న దేశానికి ఒప్పందంలో చేరడం సులువైన నిర్ణయం కాదు. ప్రత్యామ్నాయాలకయ్యే ఖర్చు ఎవరు భరిస్తారన్న బేరం లండన్‌లో తేలి, బహుపక్ష నిధి ఏర్పడ్డాకే భారత్ 1992లో చేరింది. కొత్త గ్యాస్‌ను స్వదేశంలో చేసే పద్ధతుల మీద హైదరాబాద్‌లోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) పరిశోధనలు జరిపింది.

2000లో వచ్చిన ఓజోన్ నిబంధనలు 2003 జనవరి 1 తర్వాత కారు ఏసీల తయారీలో సీఎఫ్‌సీలను నిషేధించాయి. చాలా కంపెనీలు అంతకుముందే ఆర్-134ఎకు మారాయి. అభివృద్ధి చెందుతున్న దేశాలకు గడువు 2010 అయినా, భారత్ 2008 ఆగస్టు 1 నుంచే ఆర్-12 తయారీ ఆపేసింది. ఉబ్బసం రోగుల ఇన్‌హేలర్ల కోసం కొంత మినహాయింపు ఉండేది. అప్పటికి రోడ్డు మీదున్న పాత బండ్ల సమస్య చిన్న షెడ్డులది. దేశవ్యాప్తంగా సాగిన సీఎఫ్‌సీ నిర్మూలన పథకం కింద వేలాది మెకానిక్కులకు శిక్షణ ఇచ్చి, వ్యాక్యూమ్ పంపులు, గ్యాస్ తీసే పరికరాలు అందించారు. శిక్షణలో ముఖ్యపాఠం గ్యాస్ ఎంపిక కాదు. ముందు లీకు పట్టుకో, తేమ తీయి, తూకం వేసి నింపు అన్నవే. షెడ్డులో గేజీ ముల్లు చూసి అంచనాగా నింపే పద్ధతి ఆర్-12కు చెల్లింది, ఆర్-134ఎకు చెల్లదు.

లీకు పట్టే పనిముట్టు కూడా మారాల్సి వచ్చింది. ఆర్-12 రోజుల్లో హాలైడ్ దీపం ఉండేది. మంటలోకి క్లోరిన్ ఉన్న గ్యాస్ చేరితే వేడెక్కిన రాగి వల్ల జ్వాల ఆకుపచ్చగా మారేది. క్లోరిన్ లేని ఆర్-134ఎకు ఆ మంట రంగు మారదు. ఎలక్ట్రానిక్ డిటెక్టరు, అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగు దాని చోటుకు వచ్చాయి.

ఇంతలో ఆర్-134ఎకే కాలం మూడసాగింది. ఓజోన్‌కు అది మంచిదే గాని, వందేళ్ల లెక్కన భూమిని వేడెక్కించే శక్తిలో కార్బన్ డయాక్సైడ్ కంటే 1,430 రెట్లు. ఆర్-12కు ఆ లెక్క 10,900 కాబట్టి మార్పిడి వల్ల మేలే జరిగింది, అయినా చాల్లేదు. 2006లో యూరోపియన్ యూనియన్ ఒక ఆదేశం తెచ్చింది. దాని ప్రకారం ఆ విలువ 150కి మించిన గ్యాస్ కొత్త రకం కార్లలో 2011 నుంచి, కొత్త కార్లన్నిటిలో 2017 నుంచి ఉండకూడదు. హనీవెల్, డ్యుపాంట్ కలిసి తెచ్చిన ఆర్-1234వైఎఫ్‌కు ఆ విలువ 4 లోపే. ఇది కొద్దిగా మండే రకం. 2012లో డైమ్లర్ తన పరీక్షల్లో వేడి ఇంజిన్ మీద పడి అది అంటుకుందని, హైడ్రోజన్ ఫ్లోరైడ్ వెలువడిందని చెప్పి పాత గ్యాస్‌తోనే కార్లు అమ్మింది. 2013లో ఫ్రాన్స్ ఆ కంపెనీ మెర్సిడెస్ మోడళ్లలో కొన్నిటి రిజిస్ట్రేషన్ ఆపేసింది. చివరికి ఆ కంపెనీ ఖరీదైన మోడళ్లలో కొన్నిటికి కార్బన్ డయాక్సైడ్ ఏసీ తెచ్చింది. ఇరవై ఏళ్ల కింద మండుతుందని ప్రొపేన్‌ను తోసిపుచ్చిన రంగం కొద్దిగా మండేదాన్ని షరతులతో ఒప్పుకుంది. తేడా ఏమంటే ఈసారి కారును గ్యాస్ కోసమే రూపొందించారు.

ధర ఎక్కడ పెరిగితే అక్కడ కల్తీ మళ్లీ తలెత్తింది. నకిలీ ఆర్-134ఎ సిలిండర్లలో మిథైల్ క్లోరైడ్ దొరికింది. అల్యూమినియంతో కలిస్తే అది గాలి తగలగానే భగ్గుమనే పదార్థాన్ని పుట్టిస్తుంది. 2011లో వియత్నాంలో అలాంటి సరుకు నింపిన ఓడల రిఫ్రిజిరేటెడ్ కంటెయినర్లు పేలి పనివాళ్లు చనిపోయారు. కార్లలో కంప్రెసర్, కండెన్సర్ రెండూ అల్యూమినియమే కాబట్టి, ముద్ర లేని చవక సిలిండర్ అంటే మెకానిక్కులు జాగ్రత్తపడటం అప్పటినుంచి ఎక్కువైంది.

ఇప్పుడు పాత కారంటే రెండు తరాలు. ఆర్-12 బండి ఉన్నవాళ్లలో కొందరు అమెరికాలో పాత ఫ్రిజ్‌ల నుంచి, కార్ల నుంచి తీసి శుద్ధిచేసిన ఆర్-12నే చట్టబద్ధంగా కొంటారు. లీకులన్నీ మూసి ఒక్కసారి నింపితే ఏళ్లు గడుస్తుంది కాబట్టి, అరుదుగా నడిచే పాతకాలపు బండికి అది లెక్కకు తేలికే. రోజూ వాడే బండికి ఎస్టర్ నూనె, కొత్త డ్రయర్, కొత్త ఓ-రింగులు, వీలైతే కొత్త కండెన్సర్‌తో ఆర్-134ఎ. ఆ ఆర్-134ఎతోనే పుట్టిన కార్లు రెండో తరం. మాంట్రియల్ ఒప్పందానికి 2016లో కిగాలీలో కుదిరిన సవరణను భారత్ 2021లో ఆమోదించింది. దాని ప్రకారం ఆర్-134ఎ లాంటి హెచ్ఎఫ్‌సీల వాడకం 2028లో పెరగకుండా నిలవాలి, 2032 నుంచి మెట్టుమెట్టుగా తగ్గి 2047కల్లా 85 శాతం కోత పడాలి. పూర్తి నిషేధం కాదు కాబట్టి, ఉన్న కార్లలో నింపడానికి ఆర్-134ఎ ఇంకా చాలా ఏళ్లు దొరుకుతుంది. ధర మాత్రం కోటాలను బట్టి మారుతుంది. ఆర్-1234వైఎఫ్ పీడనాలు ఆర్-134ఎకు చాలా దగ్గరైనా ఫిట్టింగులు వేరు, నూనె వేరు, కూలింగ్ కాయిల్‌కు పెట్టిన భద్రతా ప్రమాణం వేరు. ఆర్-134ఎ కారును దానికి మార్చడం అందుకే ఇంకా వాడుకలోకి రాలేదు.